విమానానికి తలుపు బిగించిన వైనం

మా పాలబండ గగన సాహస శిక్షణ కేంద్రంలో ఉన్నది ఒకే ఒక్క విమానం. దానికి తలుపు లేదు. ఆ సంగతి పైలట్‌కి తెలుసు, అందులోంచి దూకేవాళ్ళకి తెలుసు, రన్‌వే పక్కన వేరుశనగ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళకి తెలుసు. ప్రభుత్వానికి మాత్రం తెలియదు. తెలియనన్నాళ్ళూ మేమంతా సుఖంగా బతికాం.

నేను ఆ కేంద్రానికి ఆఫీసు సూపరింటెండెంటుని. పేరు కులశేఖర్. మా పైలట్ కెప్టెన్ ఓబులేశు. ఏళ్ళ తరబడి పత్తి చేల మీద మందు చల్లే విమానాలు నడిపినవాడు. ఆకాశంలో ఎంత నిదానమో నేలమీద అంత దురుసు. దూకడం నేర్పే టీచరు షాహీన్. ఆర్టీసీ డ్రైవరు కూతురు. కాలేజీలో ఎన్.సి.సి. క్యాంపుకి వెళ్ళి మొదటిసారి విమానంలోంచి దూకింది. ఆ రోజు నుంచి నేలమీద ఉన్నంతసేపూ ఏదో పోగొట్టుకున్నదానిలా ఉంటుంది.

విమానం నలుగురైదుగురు పట్టే బుల్లి విమానం. పైలట్ సీటు తప్ప మిగతా సీట్లు పీకేసి, కింద పాత కార్పెట్ ముక్క పరిచి, కుడివైపు తలుపు ఊడదీసి షెడ్డులో పెట్టారు. ఇదేదో మేం చేసిన దొంగపని కాదు. విమానం తయారుచేసినవాళ్ళ పుస్తకంలోనే, దూకేవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు తలుపు తీసెయ్యవచ్చనీ, తీసేస్తే ఇంత వేగం మించకూడదనీ రాసి ఉంది. దూకేవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కార్పెట్ మీద కూర్చుంటారు. పదివేల అడుగుల ఎత్తుకి వెళ్ళాక ఓబులేశు వేగం తగ్గిస్తాడు. వాళ్ళు ఒక్కొక్కరే ఆ ఖాళీలోంచి బయటికి పోతారు. కాసేపటికి రంగురంగుల గుడ్డలు విచ్చుకుంటాయి. కలుపు తీసే ఆడవాళ్ళు నడుములు నిటారు చేసుకుని చూస్తారు. అంతే. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇలా ఉండగా ఎక్కడో ఒక పట్టణంలో బస్సు తలుపు సరిగా పడక ఒక పెద్దమనిషి మలుపులో జారి రోడ్డుమీద పడ్డాడు. ఆయన మోచెయ్యి గీరుకుంది. ఆయన మామూలు పెద్దమనిషి కాకపోవడంవల్ల రాష్ట్రమంతటా 'ద్వార భద్రతా పక్షోత్సవాలు' ప్రకటించారు. ఊరేగింపులు జరిగాయి. బడిపిల్లలు తలుపు బొమ్మలు వేశారు. చివర్లో ఒక ఉత్తర్వు వచ్చింది. మనుషులను చేరవేసే ఏ వాహనమైనా భూమిపై గానీ, నీటిపై గానీ, గాలిలో గానీ తలుపు బిగించకుండా కదలరాదు. ఆ 'గాలిలో గానీ' అన్నది వాక్యం నిండుగా ఉంటుందని ఎవరో గుమాస్తా చేర్చాడని తరవాత తెలిసింది. అప్పటికి ఆలస్యమైపోయింది. పత్రిక జిల్లా పేజీలో షాహీన్ విమానం అంచున కాళ్ళు వేలాడేసి నవ్వుతున్న ఫొటో పడింది. పైన పెద్దక్షరాలతో 'తలుపు లేని విమానం... గాలిలో ప్రాణాలు!' అని వేశారు.

మరుసటి వారమే సంయుక్త సంచాలకులు, ద్వార భద్రత, శ్రీ చిదానందమూర్తిగారు తనిఖీకి విచ్చేశారు. సన్నటి మనిషి. కారు దిగి తలుపు వేశారు. నాలుగడుగులు నడిచి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ తీసి వేశారు. అప్పుడు తృప్తిగా మావైపు వచ్చారు.

విమానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఖాళీ దగ్గర ఆగారు.

"ఇచట ఉండవలసిన తలుపు ఏమైనది?"

"షెడ్డులో ఉండాది సార్," అన్నాడు ఓబులేశు.

"ఎవరి ఆదేశముల మేరకు తొలగించబడినది?"

"ఆదేశం ఏముంది సార్? తలుపుంటే ఎట్ల దూకుతారు?"

మూర్తిగారు చిన్నపిల్లవాడి ప్రశ్న విన్నట్టు చిరునవ్వు నవ్వారు. "దూకుట అభ్యర్థి అభీష్టము. తలుపు ప్రభుత్వ అభీష్టము. ఒకదానికొకటి అడ్డు రాకూడదు."

"అడ్డొచ్చేది తలుపే గదా సార్!"

"అట్లయితే దూకుటయే అడ్డు తొలగవలెను."

ఓబులేశు మెడ నరాలు ఉబ్బడం చూసి షాహీన్ ముందుకొచ్చింది. "సార్, మీరు చెప్పింది అర్థమైంది. దీనికి ఇంకొక రకం తలుపు దొరుకుతాది. పైకి తెరుచుకునేది. విమానం ఎగిరేటప్పుడు మూసుకుంటాము, దూకేటప్పుడు పైకెత్తుతాము. వేరే దేశాల్లో అందరూ వాడతా ఉండారు. అది తెప్పించండి సార్, మీ రూలూ నిలబడతాది, మా పనీ జరుగుతాది."

ఇది విని నేను కూడా సమస్య తీరిపోయిందనుకున్నాను. మూర్తిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"పైకి తెరుచుకొనునది తలుపు కాదమ్మా. అది షట్టరు. షట్టర్లు దుకాణముల శాఖ పరిధిలోనివి. వారి పరిధిలో మనం వేలు పెట్టిన, రేపు వారు మన పరిధిలో కాలు పెట్టగలరు."

అక్కడితో షట్టరు సంగతి ముగిసింది. తరవాత ఆయన లోపలికి తొంగిచూసి ఉలిక్కిపడ్డారు. "సీట్లు ఏవీ? ప్రభుత్వ విమానమందు పౌరులు నేలపై కూర్చొనుచున్నారా?"

సాయంత్రానికి తలుపు వచ్చింది, సీట్లు వచ్చాయి. తలుపు ఎవరూ తీయకుండా ఇనుప పట్టీ వేసి, బోల్టులు బిగించి, లక్క ముద్ర కొట్టారు. తలుపు పక్క సీటులో ఒక ద్వార పర్యవేక్షకుడు కూర్చోవాలన్నారు. వెంకటగిరి నుంచి ఒకాయన్ని పంపారు. ఆయన విమానం ఎక్కిన ప్రతిసారీ వాంతి చేసుకునేవాడు. తలుపు మూసి ఉండడంవల్ల అది బయటికి పోయే దారి కూడా లేకపోయింది.

మొదటి ప్రయాణంలో అభ్యర్థి సోమశేఖర్ అనే కుర్రాడు. కాంట్రాక్టరు కొడుకు. దూకాలన్న ఉత్సాహంతో కొత్త బూట్లు కొనుక్కుని వచ్చాడు. విమానం పైకి లేచింది. పదివేల అడుగుల దగ్గర చాలాసేపు గుండ్రంగా తిరిగింది. షాహీన్ తలుపు వైపు చూసింది, సోమశేఖర్ షాహీన్ వైపు చూశాడు, పర్యవేక్షకుడు సంచీలోకి చూశాడు. తరవాత అందరూ కలిసి కిందికి దిగారు.

షాహీన్ నేరుగా ఆఫీసులోకి వచ్చి పారాచూట్ నా బల్లమీద పడేసింది. "సార్, ఇదేమన్నా గాలిలో తిరిగే ఆటోనా? పైకి పోయి ఉత్తినే దిగొస్తిమి!"

మూర్తిగారు అప్పుడు నా కుర్చీలోనే ఉన్నారు. "ఎవరికైనను గాయములైనవా?"

"దూకితే గదా సార్ గాయాలయ్యేది!"

"ఆకాశము నుండి భూమికి చేరుటను ఏమందురు?"

"దిగడం అంటారు."

"అవరోహణము. అభ్యర్థి ఆకాశమందు ఉండెను, ఇప్పుడు భూమిపై ఉన్నాడు. అవరోహణము సంపూర్ణము, సురక్షితము. ధ్రువపత్రము తయారుచేయండి సూపరింటెండెంటు గారూ."

నేను తయారుచేశాను. సోమశేఖర్ మొదట మొహమాటపడ్డాడు గానీ, బంగారు అంచున్న కాగితం మీద 'గగన అవరోహణ నిపుణుడు' అని తన పేరు చూసుకున్నాక మొహమాటం పోయింది.

ఆ సంవత్సరం దేశంలో అవరోహణ కేంద్రాలన్నింటిలోనూ ఒక్క బెణుకు కూడా లేనిది మాదేనని తేలింది. మూర్తిగారికి శాలువా కప్పారు. ఆటల కోటాలో ఉద్యోగాలకు మా ధ్రువపత్రం చెల్లుతుందని తెలిసేసరికి జనం విరగబడి వచ్చారు. ఎత్తంటే భయమున్నవాళ్ళు వచ్చారు. కీళ్ళనొప్పులవాళ్ళు వచ్చారు. ఒక గర్భిణి కూడా వచ్చింది. ఆమెను మాత్రం నియమాలు ఒప్పుకోవని పంపేశాం, మాకు భద్రత ముఖ్యం కాబట్టి.

ఇంతమందిని పదివేల అడుగులకు తీసుకెళ్ళాలంటే ఇంధనం చాలలేదు. ఎవరూ దూకనప్పుడు అంత ఎత్తెందుకని పైనుంచి ప్రశ్న వచ్చింది. నిజమే. వెయ్యి అడుగులు చాలన్నారు. తరవాత, వెయ్యి అడుగుల నుంచి పడ్డా ప్రమాదమే కదా, రన్‌వే మీదే ఒక చుట్టు చుట్టి తీసుకురమ్మన్నారు. తరవాత చక్రాలు అరిగిపోతున్నాయని నిలబెట్టి ఇంజను మాత్రం తిప్పమన్నారు. చివరికి ఇంజను కూడా ఆపేసి, గాలి కోసం విమానం ముందు ఒక పెడస్టల్ ఫ్యాన్ పెట్టారు. కిటికీలకు నీలం కాగితం అంటించారు. ఓబులేశు ముందు సీట్లో కూర్చుని "ఇప్పుడు పైకి పోతా ఉండాం... ఇప్పుడు కిందికి వస్తా ఉండాం" అని మైకులో చెప్పాలి.

రెండు రోజులు చెప్పాడు. మూడో రోజు మైకు పక్కన పెట్టి నా దగ్గరికొచ్చాడు.

"కులశేఖరన్నా, నేను పైలట్నా, ఎగ్జిబిషన్లో రంగులరాట్నం తిప్పేవాడ్నా?"

"ఉద్యోగం ఉద్యోగమే కదా కెప్టెన్."

"మా యావ నేను ఆకాశంలో ఉండానని దేవునికి దండం పెడతా ఉండాది అన్నా. ఉత్తుత్తి దండాలైపోతా ఉండాయి," అన్నాడు. యావ అంటే ఆయన నాయనమ్మ. మనిషి నిజంగానే బాధపడుతున్నాడు.

షాహీన్ మాత్రం ఏమీ అనేది కాదు. విమానం కదలకపోయినా వారానికోసారి పారాచూట్లన్నీ విప్పి, గాలికి ఆరబెట్టి, తాళ్ళు సరిచూసి మళ్ళీ మడిచేది. ఎందుకమ్మా అంటే, "మడతల్లోనే పెట్టేస్తే గుడ్డ మొద్దుబారతాది సార్. మనుషుల మాదిరే," అనేది. వాటిని కూడా స్టోర్‌లో పెట్టి తాళం వేయమని ఆదేశం వచ్చింది. తాళంచెవి నా దగ్గర ఉండేది. వారానికోసారి అది పోయేది, సాయంత్రానికి దొరికేది.

ఇదిలా సాగుతుండగా ప్రభుత్వం ఒక గొప్ప నిర్ణయం తీసుకుంది. ఇంతమంది అవరోహణ నిపుణులు ఒకే జిల్లాలో ఉన్న భాగ్యం మరే రాష్ట్రానికీ లేదు కాబట్టి, వాళ్ళందరితో 'గగన రక్షక దళం' ఏర్పాటు చేసింది. ఎర్ర చొక్కాలు, నల్ల టోపీలు ఇచ్చింది. సోమశేఖర్‌ని దళపతిని చేసింది. పత్రికలో ఫొటో పడింది. ఈసారి వెనకున్న విమానం తలుపు స్పష్టంగా కనిపించింది.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. ఎడతెరిపి లేకుండా కురిసి కురిసి, ఒక తెల్లవారుజామున ఎగువనున్న పెద్ద చెరువు కట్ట తెగింది. దిగువ బిదిరేపల్లె చుట్టూ నీళ్ళు కమ్ముకున్నాయి. జనం గొడ్డూగోదాతో ఊరి వెనక తిప్ప మీదికెక్కారు. చుట్టూ ఎర్రటి నీళ్ళు, మధ్యలో చిన్న మట్టిదిబ్బ, దాని మీద ఊరంతా. పడవ పంపితే వరద వడికి తిరగబడింది. పడవవాళ్ళు చెట్టు పట్టుకుని బతికారు. నీళ్ళతోపాటు పాములూ తిప్పకే చేరాయి. సుంకమ్మ అనే మేకల కాపరామె, వణుకుతున్న మేకపిల్లను ఎత్తుకోబోతుంటే గోనెపట్టా కింద నుంచి పాము చేతిని కాటేసింది.

తిప్ప మీద ఊరి నర్సు ఉంది. ఆమె దగ్గర సూదులున్నాయి, సెలైన్ ఉంది, విషానికి విరుగుడు మందు లేదు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయేలోపు ఆసుపత్రి డాక్టరుకి చెప్పింది. చెయ్యి మోచేతిదాకా వాచిందనీ, పళ్ళ చిగుళ్ళలోంచి నెత్తురు వస్తోందనీ చెప్పింది. మధ్యాహ్నం దాటితే కష్టమని డాక్టరు అన్నాడు. హెలికాప్టరు ఉంది గానీ అది వరదను పైనుంచి చూసే పెద్దల్ని తిప్పుతోంది. అప్పుడు ఎవరికో గగన రక్షక దళం గుర్తుకొచ్చింది.

దళం బస్సులో దిగింది. తలుపు జాగ్రత్తగా మూసే ఉన్న బస్సు. ఎర్ర చొక్కాలవాళ్ళు వరసగా నిలబడ్డారు. డాక్టరు మందు పెట్టెతో జీపులో వచ్చాడు. షాహీన్ సోమశేఖర్ దగ్గరికి వెళ్ళింది.

"మీలో ఎవరు దూకుతారు?"

సోమశేఖర్ బూట్ల వైపు చూసుకున్నాడు. "మ్యాడం, మేమందరమూ దూకడంలో పాసైనోళ్ళమే."

"సరే, ఎవరు దూకుతారు?"

"పాసైనాము మ్యాడం. దూకలేదు."

వరసలో ఒక్కరూ నవ్వలేదు. కొందరి కళ్ళల్లో నీళ్ళు కూడా కనిపించాయి. పాపం, వాళ్ళదేముంది? అడిగినవాళ్ళకు అడిగిన కాగితం ఇచ్చింది మేమే.

నేను మూర్తిగారికి ఫోను చేశాను. పరిస్థితి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "మానవతా దృక్పథముతో తప్పక స్పందించవలెను," అన్నారు.

"అయితే తలుపు తీయమంటారా సార్?"

"అది కుదరదు. తలుపు తీయకుండా దూకు మార్గములను పరిశీలించండి. నివేదిక పంపండి. ఎవరైనా తలుపు తాకిన యెడల ఆపు బాధ్యత మీది."

ఫోను పెట్టి బయటికొచ్చేసరికి ఓబులేశు పెడస్టల్ ఫ్యాన్‌ను కాలితో ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి చేలో పడింది. షాహీన్ అప్పటికే స్టోర్‌లో ఉంది. తాళం ఎలా తెరుచుకుందో నన్నడగకండి.

"పెట్టెకే పారాచూట్ కట్టి వేస్తే చాలదామ్మా?" అన్నాడు డాక్టరు.

"గాలి ఎటు కొడితే అటు పోతాది సార్. తిప్ప తప్పితే అంతా నీళ్ళే. మనిషైతే తాళ్ళు లాగి దిగాల్సిన కాడ దిగచ్చు," అంది షాహీన్ పట్టీలు బిగించుకుంటూ. "అన్నా, స్పానర్ యాడుంది?"

ఓబులేశు లక్కముద్ర పగలగొట్టాడు. నేను నా విధి నెరవేర్చాను. "ఆపండి కెప్టెన్, తలుపు తాకకూడదు," అన్నాను స్పష్టంగా, అందరికీ వినబడేట్టు. సరిగ్గా అప్పుడే ఆఖరి బోల్టు ఊడి తలుపు ఒరిగింది. నేను పట్టుకోకపోతే అది షాహీన్ కాలిమీద పడేది. పట్టుకున్నదాన్ని దింపాలి కదా, దింపాను. దింపినదాన్ని దారిలో వదిలేయకూడదు కదా, షెడ్డులోకి మోశాను. రెండో కొస సోమశేఖర్ పట్టుకున్నాడు. ఆ తరవాత అతను ఎవరూ అడక్కుండానే సీట్లు కూడా పీకడం మొదలుపెట్టాడు.

పైన ఏం జరిగిందో ఓబులేశు తరవాత చెప్పాడు. మబ్బులు బాగా కిందికి దిగి ఉన్నాయి. పదివేల అడుగుల మాట మరిచిపోయి మూడువేల దగ్గరే ఎగిరాడు. తలుపు లేని ఖాళీలోంచి వాన చినుకులు ముళ్ళలా కొట్టాయి. తిప్ప మీదికి రాగానే షాహీన్ బరువు కట్టిన రంగు కాగితపు రిబ్బను ఒకటి కిందికి వదిలింది. అది గాలికి ఎటు కొట్టుకుపోతుందో చూసి, ఇంకొంచెం ముందుకు పోవాలని వేలితో చూపింది. మళ్ళీ చుట్టి వచ్చారు. అంచున కాళ్ళు బయటపెట్టి కూర్చుంది. పెట్టె రొమ్ముకి కట్టుకుని ఉంది.

"భయమేస్తుందామ్మా అని అడిగితి," అన్నాడు ఓబులేశు. "'ఎన్ని నెలలైందన్నా' అనె. అంతే, పోయె. చానా ఖాళీగా అనిపిచ్చిందన్నా నాకు ఆ పక్కంతా."

ఆమె మేకల మధ్య బురదలో దిగింది. మోకాలు బెణికింది. మా కేంద్రానికి చాలాకాలం తరవాత వచ్చిన మొదటి బెణుకు. నర్సు మందు ఎక్కించింది. షాహీన్ వెంట తెచ్చిన ఫోన్‌లో డాక్టరు ఎంతెంత ఇవ్వాలో చెప్పాడు. రాత్రంతా షాహీన్ సుంకమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మర్నాడు నీళ్ళు తగ్గాయి, పడవలు వెళ్ళాయి. సుంకమ్మ బతికింది.

వారం తిరక్కుండా విచారణ వచ్చింది. విచారణాధికారి చిదానందమూర్తిగారే. నేను టైపు చేయడానికి కూర్చున్నాను. ఎదురుగా ఓబులేశు, కాలికి కట్టుతో షాహీన్.

మూర్తిగారు కోపంగా లేరు. ఆయన ఎప్పుడూ కోప్పడరు. "చూడండి. మీరు దూకినట్లయిన తలుపు తెరవబడి ఉండవలెను. ఈ కేంద్రమందు తలుపు తెరవబడదని ప్రభుత్వము శాలువా కప్పి మరీ ధ్రువీకరించినది. కావున మీరు దూకలేదు."

"దూకినాను సార్. ఊరంతా చూసింది."

"మిమ్మల్ని శిక్ష నుండి తప్పించుచున్నానమ్మా. అర్థం చేసుకోండి. అయితే, విమానమందు ఇద్దరు బయలుదేరి ఒక్కరే తిరిగివచ్చిరి. దూకనందున, ఆ సమయమందు మీరు విధులకు గైర్హాజరైనట్లు భావించి, సెలవు మంజూరు చేయుచున్నాను. జీతము లేని సెలవు."

ఓబులేశు లేచి నిలబడ్డాడు. "మరి షెడ్డులో ఉండే తలుపు సంగతేంది సార్?"

"తలుపు భౌతికముగా షెడ్డులో ఉన్నను, నియమరీత్యా విమానమునకే బిగించి ఉన్నది."

 ఓబులేశు మెళ్ళోని గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి బయటికెళ్ళిపోయాడు.

ఇక సాక్షి. సుంకమ్మను పిలిచారు. ఆసుపత్రి నుంచి ముందురోజే వచ్చిందట. నడివయసు మనిషి, గట్టి ఎముక, చెయ్యి కొంగులో చుట్టుకుని ఉంది. షాహీన్‌ని చూసి మొహమంతా వెలిగింది. "కాలెట్లుంది పాపా?" అని ఆమె పక్కనే కింద కూర్చోబోతే మూర్తిగారు కుర్చీ చూపించారు. పౌరులు నేలపై కూర్చోవడం ఆయనకు ఇష్టం ఉండదు.

ఆయన చదివి వినిపించారు. ఫలానా తేదీన ఆకాశం నుండి ఎవ్వరూ దిగలేదనీ, దిగనందున మందు ఏదీ అందలేదనీ, మందు అందకపోయినా సాక్షి జీవించి ఉన్నందున సాక్షిని పామేదీ కరవలేదనీ.

సుంకమ్మ ఓపిగ్గా విన్నది. "నన్ను పాము కరవలేదంటావా సామీ?"

"నేననుట లేదమ్మా. తర్కము అంటున్నది. ఇచట వేలిముద్ర వేయండి. ఎడమచేతి బొటనవేలు."

నేను సిరా దిండు జరిపాను. సుంకమ్మ కొంగు విప్పి ఎడమచెయ్యి బల్లమీద పెట్టింది. బొటనవేలు ఉండవలసిన చోట కట్టు ఉంది. విషం ఎక్కి కుళ్ళిపోతే ఆసుపత్రిలో తీసేశారట. మిగతా నాలుగు వేళ్ళూ నల్లగా, ఇంకా వాపుతో ఉన్నాయి.

నేను సిరా దిండు వెనక్కి లాక్కున్నాను.

"నేనొచ్చినా గదా సామీ," అంది సుంకమ్మ, తప్పు తనదేనేమో అన్నట్టు. "బొటనేలే రాలేదు."

మూర్తిగారు ఆ చేతిని చాలాసేపు చూశారు.  ఒక్క క్షణం నాకు ఆయన మీద ఆశ పుట్టింది. తరవాత ఆయన కళ్ళజోడు సర్దుకుని నావైపు తిరిగారు.

"రాయండి. సాక్షి హాజరు. సాక్షి యొక్క బొటనవేలు గైర్హాజరు. గైర్హాజరుకు కారణము..."

"పాము సార్," అంది షాహీన్.

"పాము అనరాదు. పాము లేదని ఇప్పుడే నిర్ధారించితిమి. 'వ్యక్తిగత కారణముల వలన' అని రాయండి."

షాహీన్‌కి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది, ఆగలేదు. బల్ల పట్టుకుని, బెణికిన కాలు ఊగిపోతుంటే నవ్వింది. ఎందుకో తెలియకుండానే సుంకమ్మ కూడా నవ్వింది, బాగున్న చేతిని నోటికి అడ్డం పెట్టుకుని. మూర్తిగారు నవ్వును రికార్డు చేయాలో వద్దో తేల్చుకోలేకపోయారు.

"రాశారా సూపరింటెండెంటు గారూ?"

ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను పైవాళ్ళు చెప్పింది టైపు చేయకుండా ఉన్నది ఎన్నడూ లేదు. చేతులు మెషీన్ మీదే ఉన్నాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి.

"లేదండీ," అన్నాను. "నా వేళ్ళు కూడా గైర్హాజరేనండీ."